బీఏ చదివి ఏం జేస్తరు?

(ఎంకపల్లి దళితవాడలో జరిగిన అంబేద్కర్ జయంతి సభలో ఒక ఉపాధ్యాయ మిత్రుడు చేసిన ప్రసంగ పాఠం. మాట్లాడింది మాట్లాడినట్టే ఉంచి, అక్కడక్కడా మాత్రం కుదించాం.)



నన్ను పిలిచిన యువజన సంఘం తమ్ముళ్లు బాబాసాహెబ్ జీవితం మీద మాట్లాడమన్నారు. నేను కాగితం రాసుకొని కూడా వచ్చాను. కానీ సభ మొదలు కాకముందు వేపచెట్టు కింద ఛాయ్ తాగుతుంటే ఒక అన్న వచ్చి నా పక్కన కూసున్నడు. బిడ్డ ఇంటర్ పరీక్షలు రాసిందట. బీఏ చదువుతానంటోందట. "సారూ, బీఏ చదివి ఏం జేస్తరు? ఫామ్‌హౌస్‌ల పనికి చెప్పిన. నెలకు పన్నెండు వేలు ఇస్తమన్నరు" అన్నడు. ఆ అన్న పేరు నేను చెప్పను. ఈ సభలో అట్లా అనుకునే తండ్రి ఆయన ఒక్కడే కాదు కాబట్టి పేరుతో పని లేదు.

అందుకని నా కాగితం జేబులో పెట్టుకున్నాను. జీవితం మీద కాదు, ఒక్క సంవత్సరం మీద మాట్లాడతాను. మన పిల్ల కాలేజీలో కాలు పెట్టిన మొదటి సంవత్సరం. మన పిల్లలు చదువు వదిలేది ఎక్కువగా ఆ సంవత్సరంలోనే. నా ముందర వదిలినవాళ్లను చూశాను. అందులో నా తప్పు కూడా ఉంది. అది కూడా చెబుతాను.

మాది చేవెళ్ల అవతలి ఊరు. మా నాయిన ఒక పటేలు దగ్గర జీతం ఉండె. మా ఇంట్లో నాకు ముందు అక్షరం ముక్క వచ్చినవాళ్లు లేరు. 1997 జూన్‌లో నేనూ, మా మేనత్త కొడుకూ ఇద్దరం ఇంటర్ పాసై పట్నంలో ఒక చిన్న ఆర్ట్స్ కాలేజీలో బీఏ చేరాం. చరిత్ర, అర్థశాస్త్రం, రాజనీతి శాస్త్రం. తెలుగు మీడియం. మా బావ నాకంటే ఆరు నెలలు పెద్ద, నాకంటే చురుకు. అర్థశాస్త్రంలో డిమాండు గీత, సప్లయి గీత అని బోర్డు మీద గీస్తే నాకు ఏమీ అర్థం కాలేదు. ఆ రాత్రి బావ టమాటాలతో చెప్పిండు. "చేవెళ్ల మార్కెట్‌ల అందరి బండ్లు ఒక్కరోజే వస్తే ధర ఏమైతది? గదేరా గీత" అన్నడు. ఇప్పటికీ నేను బడిలో పిల్లలకు టమాటాలతోనే చెబుతాను.

కాలేజీ చిన్నది. రెండంతస్తుల పాత బంగళా, ఒక చింతచెట్టు, గ్రంథాలయం పేరుతో ఒక గది. క్లాసులో మొదటి రోజు ఎవరూ కులం అడగలేదు. "ఏ ఊరు, నాయిన ఏం జేస్తడు" అని అడిగారు. అంతే సరిపోయింది. నెలకొకసారి ఆఫీసు గుమాస్తా క్లాసులోకి వచ్చి "స్కాలర్‌షిప్ వాళ్లు లేచి నిలబడండి" అనేవాడు. కూసున్నవాళ్లు నిలబడ్డవాళ్లను చూసేవాళ్లు. ఎవరూ మమ్మల్ని తిట్టలేదు, కొట్టలేదు. కానీ నెలకొకసారి నిలబడి ఉండటం ఎంత బరువో నిలబడ్డవాడికే తెలుస్తుంది.

హాస్టల్లో సీటు ఒక్కటే వచ్చింది. మార్కులు నాకు రెండు ఎక్కువ. సీటు నాకు ఇచ్చారు. బావ నా గదిలోనే దొంగచాటుగా ఉన్నడు. ఒక్క ప్లేటు, ఇద్దరం. నీళ్ల చారు, ముద్దన్నం. కూరలో గడ్డ ఉంటే సగం చేసుకునేవాళ్లం. మా లెక్క ఏమిటంటే, జూలైలో స్కాలర్‌షిప్ ఫారాలు పెట్టినం గదా, దసరాకల్లా పైసలు వస్తయి, బావ బయట రూము తీసుకుంటడు. దసరా దగ్గరికి వచ్చింది, పైసలు రాలేదు. సెప్టెంబరులో వార్డెన్‌కు తెలిసిపోయింది. మా బావను పిలిచి, గదిలో ఇంకొకసారి కనబడితే నా సీటు కూడా తీసేస్తానన్నడు. బావ ఆ రాత్రే తన రేకు పెట్టె సర్దుకున్నడు. "దసరా తర్వాత వస్తరా" అన్నడు. రాలేదు.

నేను ఉన్నాను. ప్లేటు మొత్తం నాదే అయింది. అబద్ధం ఎందుకు, మొదటి నాలుగు రోజులు కడుపు నిండితే సంతోషమే అనిపించింది.

ఆ చలికాలంలోనే నాకు చదువు అంటింది. రాజ్యాంగం పాఠం చెప్పే సారు ఒకాయన ఉండేవాడు. పుస్తకం చూడకుండా చెప్పేవాడు. ఒకరోజు 17వ అధికరణం, అంటరానితనం నిషేధం. తర్వాత 23వ అధికరణం, వెట్టి నిషేధం. మా నాయిన పటేలు ఇంట్లో పండుగ వస్తే మూడు రోజులు కూలి లేకుండా పని చేసేవాడు. కట్టెలు కొట్టుడు, పందిరి వేసుడు, చచ్చిన గొడ్డును ఎత్తుడు. అది రివాజు అనుకున్నాం. మన పుట్టుకతో వచ్చిందనుకున్నాం. దానికి దేశం మొత్తానికి వర్తించే పుస్తకంలో పేరు ఉందనీ, అది నేరమనీ ఆ రోజు తెలిసింది. సంక్రాంతికి ఇంటికి పోయి మా నాయినకు చెప్పాను. ఆయన మూడుసార్లు అడిగిండు. "పుస్తకంల రాసి ఉన్నదా? మన ముచ్చట రాసి ఉన్నదా? అచ్చేసి ఉన్నదా?" ఉన్నది నాయినా అన్నాను. ఇంకేమీ అనలేదు. ఉగాదికి పటేలు ఇంటి నుంచి పిలుపు వచ్చింది. మా నాయిన "కూలి ఎంత ఇస్తరు?" అని అడిగిండు. మా ఊళ్లో ఆ మాట అడిగిన మొదటి మనిషి మా నాయిన. పటేలు వారం రోజులు మాట్లాడలేదు. ఎనిమిదో రోజు కూలి ఇచ్చిండు.

బీఏ చదివి ఏం జేస్తరు అని అడిగిన అన్నా, నా మొదటి జవాబు ఇది. నేను ఇంకా ఒక్క పరీక్ష రాయలేదు. ఉద్యోగం పదేళ్ల దూరంలో ఉంది. కానీ అప్పటికే మా ఇంట్లో వెట్టి పోయింది.

ఇప్పుడు బావ సంగతి. ఫిబ్రవరిలో ఒకరోజు నోటీసు బోర్డు మీద స్కాలర్‌షిప్ మంజూరైన వాళ్ల జాబితా అంటించారు. నా పేరు ఉంది. నా పేరు కింద రెండు పేర్ల తర్వాత మా బావ పేరు ఉంది. మనిషి స్వయంగా వచ్చి సంతకం పెట్టాలి, పదిహేను రోజులు గడువు. అప్పటికి బావ పూల తోటలో పనికి కుదిరిండని మా అవ్వ చెప్పింది. నేను ఒక ఉత్తరం రాయాలి, లేదంటే బస్సెక్కి పోవాలి. ఈ ఆదివారం పోదాం, వచ్చే ఆదివారం పోదాం అనుకున్నాను. మార్చిలో పరీక్షలు. నా భయం నాది. గడువు అయిపోయింది. ఆ పైసలు వాపస్ పోయినయి. నా తర్వాత రెండు పేర్ల కింద ఎర్ర గీత గీసి ఉంది.

బావ ఇప్పుడు ఒక ఫామ్‌హౌస్‌లో వాచ్‌మన్. ఆ గేటు లోపల సగం జాగా ఒకప్పుడు మా మామదే. నేను ఉద్యోగం వచ్చిన చాలా ఏండ్లకు ఆ ఎర్ర గీత ముచ్చట ఆయనకు చెప్పాను. తిడతడనుకున్నాను. నవ్విండు. "బస్సుకు పైసలు ఉండెనా నీ కాడ అప్పుడు?" అన్నడు. లేవు అని చెబుదామనుకున్నాను. కానీ ఉండె. పోయి వచ్చేటన్ని ఉండె.

మిత్రులారా, మా బావను కాలేజీ నుంచి పంపించింది తెలివి తక్కువై కాదు. ఆలస్యమైన పైసలు, దొరకని సీటు, వెనకాల అడిగే మనిషి లేకపోవడం. ఈ మూడే. ఊరంతా "ఏం బీఏ, ఏం పనికొస్తది" అంటుంటే మా అత్త కూడా తిరిగి పంపలేదు. నేను ఒక్కణ్ణి పోయి ఉంటే పోయేవాడేమో.

ఇక బీఏ అంటే ఏమిటో చూద్దాం. దాన్ని పనికిరాని చదువని మనకు ఎవరు చెప్పారు? ఇవాళ ఎవరి జయంతి చేస్తున్నామో ఆయన ఏం చదివారు? బాబాసాహెబ్ డాక్టరో ఇంజనీరో కాదు. 1912లో బొంబాయి ఎల్ఫిన్‌స్టన్ కాలేజీ నుంచి అర్థశాస్త్రం, రాజనీతితో బీఏ పాసయ్యారు. బరోడా మహారాజు నెలకు 25 రూపాయలు ఇస్తే చదివారు. 1913లో అమెరికాలో కొలంబియా విశ్వవిద్యాలయానికి పోయారు. అక్కడ ఆయన తీసుకున్న కోర్సుల లెక్క వినండి. అర్థశాస్త్రం 29, చరిత్ర 11, సమాజశాస్త్రం 6, తత్వశాస్త్రం 5, మానవశాస్త్రం 4, రాజనీతి 3. మనిషినీ, ఊరినీ, పైసనూ, రాజ్యాన్నీ అర్థం చేసుకునే చదువులు. ఆ చదువుల మీద నిలబడి రాజ్యాంగం రాశారు.

ఆయన మన కోసం పెట్టినవి కూడా ఇట్లాంటి కాలేజీలే. 1945లో పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ స్థాపించారు. 1946లో బొంబాయిలో సిద్ధార్థ కాలేజీ, 1950లో ఔరంగాబాదులో మిళింద్ కాలేజీ. ఔరంగాబాద్ అప్పుడు మన హైదరాబాద్ రాష్ట్రంలోనిదే. బొంబాయి తర్వాత కాలేజీ పెట్టడానికి ఆయన ఎంచుకున్నది మనలాగే నిజాం పాలనలో చదువుకు దూరమైన మరఠ్వాడాను. మెట్రిక్ తర్వాత చదివే దళిత పిల్లలకు స్కాలర్‌షిప్ 1944 నుంచి నడుస్తోంది. అది కూడా ఆయన వైస్రాయి కౌన్సిల్‌లో ఉండి పట్టుబట్టి సాధించిందే. మా బావ పేరు మీద ఎర్ర గీత పడింది ఆ పైసల మీదనే.

ఇంకొక మాట. బీఏ పనికిరాదని మనకు చెప్పేవాళ్లు తమ పిల్లలను ఎక్కడికి పంపుతున్నారో చూడండి. దాన్ని వాళ్లు లిబరల్ ఆర్ట్స్ అంటారు. హర్యానాలో అశోకా విశ్వవిద్యాలయం, మన పక్క ఆంధ్రలో శ్రీసిటీ దగ్గర క్రియా విశ్వవిద్యాలయం. ఏడాదికి లక్షల రూపాయల ఫీజు కట్టి అక్కడ చరిత్ర, తత్వం, అర్థశాస్త్రం, సాహిత్యం చదివిస్తున్నారు. చిన్న కాలేజీ, చెట్ల కింద చర్చ, అక్కడే బస. ఎందుకు? రేపు పెత్తనం చేసేవాడికి ఆలోచించడం రావాలి కాబట్టి. మన పిల్లలకు మాత్రం చేతిపని చాలునంట. వాళ్ల పిల్లలకు ఆలోచన, మన పిల్లలకు పని. ఇది పాత మనువు మాటే, కొత్త అంగీ తొడుక్కొని వచ్చింది.

మనకు కూడా అట్లాంటి చిన్న కాలేజీలు లేకపోలేదు. 2016లో తెలంగాణలో సాంఘిక సంక్షేమ గురుకులాల కింద దళిత అమ్మాయిల కోసమే రెసిడెన్షియల్ డిగ్రీ కాలేజీలు మొదలయ్యాయి. మొత్తం 30 మంజూరయ్యాయి. సీటు దొరికితే చదువు, తిండి, బస అక్కడే. హాస్టళ్లలో ఇంటర్ పైబడి చదివేవాళ్ల తిండికి నెలకు 1500 రూపాయలు ఇచ్చేవాళ్లు. 2024లో 2100 చేశారు. రోజుకు 70 రూపాయలు. ఈ రోడ్డు మీద ఒక పూట భోజనం ఎంతో మీకు తెలుసు. చాలదు. చాలదని అడగాలి. కానీ సీటు వదులుకొని కాదు, సీటులో కూసొని అడగాలి.

వేపచెట్టు కింద ఆ అన్న ఇంకొక మాట కూడా అన్నడు. "రోడ్డు చూస్తే భయమైతది సారూ" అన్నడు. ఆ భయం నిజం. 2025 నవంబరు 3న మన మీర్జాగూడ దగ్గర కంకర టిప్పర్ ఆర్టీసీ బస్సు మీదికి వచ్చి 19 మంది పోయారు. అందులో సెలవు అయిపోయి కాలేజీకి తిరిగి పోతున్న ఆడపిల్లలున్నారు. ఆ రోజు ఈ చుట్టుపక్కల ఊళ్లలో ఎవరింట్లో పొయ్యి వెలిగింది? కానీ దానికి జవాబు బిడ్డను ఇంట్లో కూసోబెట్టడం కాదు. రోజూ పోయి వచ్చే తిప్పలు తప్పే హాస్టల్ సీటు అడగడం, రోడ్డు వెడల్పు చేయమని కొట్లాడడం.

నా కాలానికీ ఇప్పటికీ తేడాలున్నాయి. 2016 నుంచి డిగ్రీ సీట్లు దోస్త్ అనే ఆన్‌లైన్ పద్ధతిలో ఇస్తున్నారు. ఫారం నింపేటప్పుడు ఏ కాలేజీ ముందు పెట్టాలో తెలియక నెట్ సెంటర్ వాడు ఏది నొక్కితే అదే మన పిల్లకు వస్తోంది. 2023 డిసెంబరు 9 నుంచి ఆడపిల్లలకు ఆర్టీసీ బస్సు ఉచితమైంది. మంచిదే. 2008లో ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చింది. లక్షలమంది చదివారు. కానీ పైసలు రావడం మళ్లీ మా ఫిబ్రవరి లెక్కే. బకాయిలు ఎంత పేరుకుపోయాయంటే 2025 నవంబరులో ప్రైవేటు కాలేజీల యాజమాన్యాలే బంద్ పెట్టాయి. సర్కారు కాలేజీకి ఇయ్యదు, కాలేజీ పిల్లకు సర్టిఫికెట్ ఇయ్యదు. ఇద్దరి నడుమ నలిగేది మన పిల్ల.

పెద్ద విశ్వవిద్యాలయాల్లో కూడా ఇదే కథ. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రోహిత్ వేముల సంగతి మీకు తెలుసు. నెలల తరబడి ఫెలోషిప్ అందలేదు, హాస్టల్ నుంచి బయటికి పంపారు. 2016 జనవరి 17న మనకు దక్కకుండా పోయాడు. పైసలు ఆగడం, బస పోవడం. నా బావ కథకూ ఆ బిడ్డ కథకూ మధ్య పద్దెనిమిదేండ్లు. మారింది ఎంత?

ఇక్కడ ఎంకపల్లిలో మీకు నేను భూమి గురించి చెప్పేదేముంది? 1996లో వచ్చిన 111 జీవో మీకు తెలుసు. రెండు చెరువుల పేరుతో 84 ఊళ్ల మీద ఆంక్షలు పెట్టిన కాగితం. 2025లో ఇక్కడ గోశాల కడతామని ప్రభుత్వం వస్తే సాగు చేసుకుంటున్నవాళ్లు అడ్డం నిలబడ్డారు. అప్పుడు నోటీసు ఎవరు చదివారు? అసైన్డ్ అంటే ఏమిటి, పట్టా అంటే ఏమిటి, నష్టపరిహారం ఏ చట్టం కింద అడగాలి, కలెక్టర్‌కు అర్జీ ఎట్లా రాయాలి, ఇవన్నీ ఎవరిని అడిగారు? ఊరి బయటివాళ్లను బతిమాలుకోవాల్సి వచ్చిందా లేదా? మన వాడలో చరిత్ర, రాజనీతి చదివిన పిల్ల ఒక్కతి ఉంటే ఆ కాగితం మన అరుగు మీదనే అర్థమయ్యేది. భూమి మీద కొట్లాట కాగితం మీద కూడా జరుగుతుంది. పొలంలో నిలబడటం మనకు తెలుసు. కాగితంలో నిలబడేవాళ్లు కావాలి.

అందుకని ఈ సభ నుంచి మూడు పనులు అడుగుతాను. దండలు వద్దు, శాలువాలు వద్దు. ఈ మూడు చేయండి.

ఒకటి. యువజన సంఘం ఒక నోటుబుక్కు పెట్టాలి. ఈ ఏడు ఇంటర్ రాసిన పిల్లలందరి పేర్లు అందులో రాయాలి. కుల సర్టిఫికెట్, ఆదాయం సర్టిఫికెట్ మీసేవలో ఇప్పుడే తీయించాలి. ఆధార్ బ్యాంకు ఖాతాకు కలిసిందో లేదో చూడాలి. గురుకుల డిగ్రీ కాలేజీ ఎక్కడ ఉంది, హాస్టల్ ఎక్కడ ఉంది అని ముందే కనుక్కోవాలి. ఫోనులో రీల్స్ చూసే రెండు గంటల్లో అరగంట దీనికి పెట్టండి తమ్ముళ్లూ.

రెండు. ఒక డబ్బా పెట్టండి. నలభై గడపలు నెలకు 50 రూపాయలు వేస్తే 2000. పది నెలలకు 20,000. మొదటి సంవత్సరం పిల్లలకు మెస్ బాకీకి, పుస్తకాలకు అందులోంచి ఇవ్వండి. స్కాలర్‌షిప్ వచ్చినప్పుడు తిరిగి వేయాలి. దానం కాదు, బదులు. లెక్క ఆడవాళ్ల చేతిలో ఉండాలి. మహిళా సంఘాల పొదుపు లెక్క పైసా పోకుండా చూస్తున్న అక్కలు ఇక్కడే ఉన్నారు.

మూడు. ఇది పైసలతో పని కాదు. దసరా సెలవులు అయిపోయిన తర్వాత ఊరి నుంచి ఇద్దరు మనుషులు కాలేజీకి పోయి పిల్లను చూసి రావాలి. ఒక అక్క, ఒక అన్న. ఇంగ్లీషు రాకపోయినా పరవాలేదు. ఆఫీసులో నిలబడి "మా బిడ్డ ఎట్ల చదువుతున్నది సారూ, స్కాలర్‌షిప్ ఎక్కడిదాకా వచ్చింది" అని తెలుగులోనే అడగండి. వార్డెన్‌కు, గుమాస్తాకు తెలియాలి, ఈ పిల్ల వెనకాల ఒక ఊరు ఉన్నదని. మా బావ వెనకాల ఎవరూ లేరనే గదా ఒక్క మాటతో పంపించారు.

వేపచెట్టు కింది అన్నా, ఇప్పుడు నీకు జవాబు. బీఏ చదివితే ఉద్యోగం వస్తుందని నేను మాట ఇవ్వను. అట్లా మాట ఇచ్చేవాడు నిన్ను మోసం చేస్తున్నాడు. నాకు బీఏ తర్వాత బీఎడ్ చేసి, ప్రైవేటు బడుల్లో చాలీచాలని జీతానికి పని చేసి, డీఎస్సీ రాస్తే గానీ ఉద్యోగం రాలేదు. పన్నెండు వేలు చిన్న మొత్తం కాదని నాకు తెలుసు. నీ ఇంటి అప్పు నీకు తెలుసు. కానీ ఫామ్‌హౌస్ గేటు ఎక్కడికీ పోదు. పదేండ్ల తర్వాత కూడా అక్కడే ఉంటుంది. కాలేజీ గేటు అట్లా కాదు. ఒక్క ఏడాది దాటితే మూసుకుంటుంది. మా బావకు మూసుకుంది.

ఒక్క సంవత్సరం బిడ్డను పంపు. ఆ ఒక్క సంవత్సరం నీ ఒక్కడి మీద వేయకుండా ఈ వాడ మోయాలి. దసరా తర్వాత పోయే ఇద్దరిలో ఒకడు నేనే. నా బస్సు పైసలు నావే. ఈసారి ఆదివారం కోసం చూడను.

జై భీమ్.